ఒకే కాగితం మీద రెండు వాద్యాలు

నంద్యాల అంటే మీకు బియ్యం గుర్తొస్తుంది, ఆళ్లగడ్డ అంటే రాతి విగ్రహాలు. నాకు మాత్రం ఇక ఆ రెండు పేర్లు వింటే అరచేతులకు చెమటలు పడతాయి. మూడు రోజుల ప్రయాణం. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళలేదు, నేను దొంగతనం చేశానో లేదో తేల్చుకోవడానికి వెళ్ళాను.

నేను హైదరాబాదులో సాక్సోఫోన్ వాయిస్తాను. ఇరవై ఏళ్ళు రిసెప్షన్లలో, హోటళ్ళలో ఇతరుల పాటలు ఊదీ ఊదీ, నలభై రెండో ఏట మొదటిసారి సొంతంగా ఒక పాట కట్టాను. జాజ్ పాట. మాటలుండవు, వాయించేది నలుగురం: సాక్సోఫోన్, కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్ములు. జాజ్ అనగానే కంగారు పడకండి. ముందు నలుగురం కలిసి పల్లవి వాయిస్తాం, తర్వాత ఒక్కొక్కరం దాన్ని పట్టుకుని మనోధర్మంతో ఎక్కడెక్కడికో పోయొస్తాం, చివరికి మళ్ళీ పల్లవికి చేరతాం. కచేరీలు విన్నవాళ్ళకు ఇదేం కొత్త కాదు.

నా పల్లవిలో నేను విర్రవీగిన సంగతి ఒకటుంది. కీబోర్డు పైన, నా సాక్సోఫోన్ ఐదు మెట్లు కింద, రెండూ ఒకే నడక నడుస్తాయి, కానీ ఎక్కడా కలవవు. వింటుంటే కడుపులో దేవినట్టుంటుంది. ఆ ఒక్క ఊహ కుదరడానికి నాకు ఏడాది పట్టింది. సోమవారం రికార్డింగు పెట్టుకున్నాం.

దానికి ముందు మంగళవారం రిహార్సల్ అయిపోయాక మా డ్రమ్మర్ దానియేలు కర్రలు సంచిలో పెట్టుకుంటూ నసిగాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, తిట్టగాకు. ఈ పాట మా పక్క ఊదుతారు."

"ఏ పాట?"

"ఇదే. సచ్చిపోయినోళ్ళ పెట్టె మోసుకుని పోయేటప్పుడు బ్యాండోళ్ళు ఊదుతారు."

దానియేలుది ఆళ్లగడ్డ. ఆర్నెల్లుగా నాతో ఇదే పాట వాయిస్తున్నాడు. ఎక్కడలేని కోపం వచ్చింది నాకు. "ఇప్పుడా చెప్పేది?" అని అరిచాను.

"నాకే అనుమానం అక్కా. నిన్న మా అమ్మకు ఫోన్లో ఇనిపిచ్చినా. ఎవురు పోయినార్రా అని ఏడ్సబట్టింది."

అరుపు ఆపేశాను. ఎందుకంటే నేను పుట్టింది నంద్యాలలో. మా నాన్న రైల్వే ఉద్యోగి, నాకు ఆరో ఏడు వచ్చాక విజయవాడకు బదిలీ అయింది. ఆ ఊరి గురించి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తు లేనంత మాత్రాన వినలేదని కాదు కదా. పాట నాది కాకపోతే రికార్డింగు లేదు. అదెవరిదో కనుక్కుని ఆ మనిషి ఎదుట నిలబడి అడగాలి. గురువారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

పాణ్యం దగ్గర

ఏప్రిల్ ఎండ. కర్నూలు దాటేసరికి బస్సు రేకు ముట్టుకుంటే చేయి కాలుతోంది. వాద్యం పెట్టె పట్టడానికి చోటు లేక ఇంజను పక్కన పెట్టాను. అంత తెలివితక్కువ పని ఇరవై ఏళ్ళలో చేయలేదు.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, తెల్ల చీర, ఒళ్ళో బైబిలు. ఉడకబెట్టిన బుడ్డలు తింటూ నాకూ ఒక గుప్పెడు పెట్టింది. బుడ్డలంటే వేరుశనక్కాయలే, ఇక్కడ అలా అంటారు.

"ఆ పెట్టెలో ఏందమ్మా?"

"సాక్సోఫోన్."

"బ్యాండా? ఆడమనిషివి, నువ్వు ఊదుతావా?"

"ఊదుతానమ్మా."

"ఊపిరి చాలుతాదా?"

దానియేలు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆవిడ మాత్రం వేళాకోళానికి అడగలేదు. భర్త పోయినప్పుడు వాళ్ళు బ్యాండు పెట్టారట. విజయవాడలో మా వీధిలో శవం ముందు డప్పులు కొట్టేవాళ్ళు, మధ్యలో ఆగి టీ కూడా తాగేవాళ్ళు. ఇక్కడ అది కుదరదని చెప్పింది ఆవిడ.

"ఇంటికాడ మొదలుపెడితే సమాధుల తోట గేటు దాకా ఆపగూడదు. పిల్లోళ్ళు నోరు ఎండుకపోయి సస్తాండారు, ఐనా ఆపలేదు."

"ఆపితే ఏమవుతుంది?"

"ఆపితే పెట్టె దించాల. దారిలో దించినామంటే అది ఇంగొకరిని పిలుస్తాది." బుడ్డ తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుంది. "నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

ఏం పాట ఊదారని అడుగుదామని నోరు తెరిచేలోపు పాణ్యం వచ్చింది, ఆవిడ దిగిపోయింది. దిగుతూ నా తల మీద చేయి పెట్టి ఏదో ప్రార్థన చేసింది. నాకు భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

నంద్యాల, బ్యాండు అంగడి

లాడ్జిలో పెట్టె తెరిచి చూశాను. సాక్సోఫోన్ రంధ్రాలను మూసే తోలు మెత్తల్లో ఒకటి ఊడి పెట్టెలో పడుంది. మెత్తను పట్టి ఉంచేది లక్క, ఇంజను వేడికి అది కరిగిపోయింది. ఊది చూస్తే ఒక్క స్వరమూ సరిగ్గా పలకలేదు.

దానియేలు నన్ను ఖాదర్ బాషా అంగడికి తీసుకెళ్ళాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ చావులకూ బ్యాండు పంపే మనిషి, వాద్యాల మరమ్మతు కూడా చేస్తాడు. అరవై దాటి ఉంటాయి. గోడకు ఎర్ర కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒక పక్క బల్ల మీద పెళ్ళివాళ్ళు కూర్చుని బేరం చేస్తున్నారు: ఇద్దరు మగవాళ్ళు, పట్టుచీరలో ఒక తల్లి.

బాషా నా వాద్యం చేతిలోకి తీసుకుని కసురుకున్నాడు. "ఇంజను కాడ పెడతారా మేడమ్ ఎవురన్నా? ఇదేమన్నా సంగటి కుండా, ఉడకబెట్టేకి?"

అంటూనే లైటరు మీద లక్క ముక్క కరగబెట్టి, మెత్తను వేలితో నొక్కి, పావుగంటలో అతికించాడు. హైదరాబాదులో ఇదే పనికి పన్నెండు వందలు, వారం రోజులు. ఈయన నూటయాభై తీసుకుని, నాకూ దానియేలుకూ టీ చెప్పించాడు.

"ఊది చూడండి. లీకు ఉంటే ఇప్పుడే చెప్పాల."

ఊదాను. వాద్యం బాగైందో లేదో చూడాలంటే మామూలుగా స్వరాలు ఎక్కి దిగితే చాలు. కానీ ఏడాదిగా నా వేళ్ళు ఒకే దారికి అలవాటుపడ్డాయి. ఏం వాయిస్తున్నానో నేను చూసుకోలేదు. నా పల్లవి రెండు వరసలు వాయించేసరికి దానియేలు నా మోచేయి పట్టుకుని లాగాడు.

పట్టుచీర తల్లి లేచి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పెండ్లి మాట్లాడేకి వస్తే ఇదేం పాడు పాటప్పా!" అంది. చెప్పులేసుకుని ముగ్గురూ బయటికి నడిచారు. బాషా వెనకే పరుగెత్తాడు, రోడ్డు దాకా వెళ్ళి బతిమాలాడు, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"ఏందీ నువ్వు చేసింది?" అంతసేపూ 'మేడమ్' అన్నవాడు ఏకవచనంలోకి దిగాడు. "ఇంట్లో, అంగట్లో ఊదే పాటనా అది? శవం లేకుండా ఆ పాట ఎత్తుకోం మేము. యాడ నేర్చుకున్నావ్?"

"నేనే కట్టాను" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత దానియేలును చూశాడు. దానియేలు తల దించుకుని మొత్తం చెప్పాడు: సోమవారం సంగతి, నేను పుట్టిన ఊరి సంగతి, మేమెందుకొచ్చామో. బాషా కోపం పూర్తిగా పోలేదు గానీ కూర్చున్నాడు.

"ఆ పాట జీవరత్నం మాస్టరుది. ఆయప్ప బ్యాండు సెట్టు అంటే ఆ దినాల్లో జిల్లా మొత్తానికి పేరు. కానీ ఆయప్ప సెట్టు ఆ పాట ఊదింది ఒకటే తూరి, వాళ్ళ ఇంటామె పోయినప్పుడు. ఊర్లో బ్యాండోళ్ళమంతా పెట్టె వెనకాల నడిస్తిమి. దారి పొడుగునా ఇని ఇని పట్టుకున్నదే మేము. ఆయప్ప మళ్ళ దాన్ని ముట్టుకోలే. ఆ ఏడే సెట్టు కూడా ఇడిసిపెట్టినాడు."

"రెండు వాద్యాలూ కలవకుండా పోతాయి కదా, అలా కట్టింది ఆయనేనా?"

"అట్లనే ఇంటిమి, అట్లనే ఊదుతాండాం. ఎందుకని అడిగే ధైర్యం ఎవురికుండాది? కూతురింట్లో ఉండాడు, ఆళ్లగడ్డలో. పోయి నువ్వడుగు. కర్ర ఎత్తుకుంటే నా పేరు చెప్పగాకు."

శుక్రవారం, ఇంకా నంద్యాల

పొద్దున్నే బస్టాండు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. ప్లేటు నలభై. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయే తిండి. ఆ రోజు నా ప్లేటు కూడా దానియేలే తిన్నాడు.

అక్కణ్ణుంచే అమ్మకు ఫోను చేశాను. నంద్యాలలో మన ఇల్లు ఎక్కడుండేదని అడిగాను.

"రైల్వే క్వార్టర్లకు ఇవతల, సమాధుల తోటకు పోయే దారిలో. ఎందుకే?"

"ఆ దారిన బ్యాండు పెట్టుకుని శవాలు వెళ్ళేవా?"

"వెళ్ళేవి. ఒకసారి ఎంత జనమో! నువ్వు గేటు ఎక్కి కూర్చుని దిగనంటే దిగనన్నావు. ఆ రాత్రి నీకు ఒళ్ళు కాలిపోయింది. దిష్టి తీశాను. ఇప్పుడా గోలెందుకు నీకు?"

ఏం లేదని పెట్టేశాను. దానియేలుకు నా ముఖం చూస్తే తెలిసిపోయే ఉంటుంది. సాక్సోఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సులో కూర్చున్నాను.

ఆళ్లగడ్డ

ఈ ఊళ్ళో చెవులకు ముందు వినబడేది ఉలి. రోడ్డు వారగా షెడ్లు, షెడ్ల ముందు తలలు లేని దేవుళ్ళు, చేతులు లేని నాయకులు. రాయి కోసే మిషను దుమ్ముతో మనుషుల కనుబొమలు తెల్లగా ఉన్నాయి. మామూలు రోజైతే గంటల తరబడి నిలబడి చూసేదాన్ని. ఆ రోజు ప్రతి ఉలి దెబ్బకూ ఉలిక్కిపడ్డాను.

మాస్టరు కూతురు గ్రేసమ్మ, బడిలో టీచరు. నా వయసే, ఓ రెండు మూడేళ్ళు పెద్ద. దానియేలు వాళ్ళమ్మకు తెలిసినవాళ్ళే కావడంతో లోపలికి రమ్మంది. మాస్టరు వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, ఎనభైకి దగ్గర. పళ్ళు లేవు. పళ్ళు లేకపోతే మా వాద్యాలు పట్టుకోలేం, కాబట్టి ఆయన మళ్ళీ ఊదలేడని చూడగానే తెలిసింది.

నా అవస్థ మొత్తం చెప్పాను. ఆయన చేయి చాచాడు. ఫోనులో మా రిహార్సల్ పెట్టి ఇచ్చాను, చెవి దగ్గర పట్టుకున్నాడు. ఒక నిమిషం కూడా వినలేదు. ఫోను నా చేతిలో కుక్కేసి, కర్ర తీసుకుని లేచాడు.

"గ్రేసూ, ఈళ్ళను పంపిచ్చు" అన్నాడు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

గ్రేసమ్మ ముఖం పాలిపోయింది. "సంగటి తిని పోదురు కూర్చోండి, నాయన మాటకు ఏమనుకోగాకండి" అంటూ రాగి సంగటి, బుడ్డల పచ్చడి తెచ్చింది. మా ఇళ్ళల్లో అయితే ఇంటి పెద్ద పొమ్మన్నాక అన్నం పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇక్కడ పొమ్మనడం వేరు, తిండి పెట్టడం వేరు. తల వంచుకుని తిన్నాం. ముద్ద మింగుతున్నానే గానీ నా మనసంతా బేస్ గిటారు అతనికి, కీబోర్డు అమ్మాయికి సోమవారం రావద్దని ఎలా చెప్పాలన్నదాని మీదే ఉంది.

చేతులు కడుక్కుంటుంటే తలుపు తెరుచుకుంది.

"ఫోన్లో ఇనలేను. నీ సాక్సోఫోన్ తీ" అన్నాడు మాస్టరు. "గ్రేసూ, ఇంట్లో ఊదితే నీకేమన్నా పట్టింపా?"

"నాకేం పట్టింపు నాయనా. ఊదనీ."

నా భాగం ఊదాను. సగం వరసలో ఆయన అందుకున్నాడు. పళ్ళు లేని నోటితో, వణికే గొంతుతో, ఐదు మెట్లు పైన పాడటం మొదలుపెట్టాడు. మా కీబోర్డు భాగం అక్షరం పొల్లు పోకుండా ఆయన గొంతులో ఉంది. పల్లవి పూర్తయ్యాక నన్నే చూస్తూ అడిగాడు.

"కావాలనే అట్ల పెట్టినావా? రెండూ కలవకుండా?"

"అవును. నా సొంత ఊహ అనుకున్నాను."

"అది తప్పు పాపా" అన్నాడు. నన్ను తిట్టడానికి అన్న మాట కాదు. "మా సెట్టు పిల్లోళ్ళు చేసిన తప్పు."

బ్యాండులో ఒక సంగతి ఉంది. క్లారినెట్ వాయించేవాడు కాగితం మీద ఒక గుర్తు చూసి ఊదితే ఒక స్వరం వస్తుంది. అదే కాగితం సాక్సోఫోన్ ముందు పెడితే, అదే గుర్తుకు ఐదు మెట్లు కింద వేరే స్వరం వస్తుంది. వాద్యాల తయారీయే అంత. అందుకని పాట ఒకటే అయినా ఎవరి కాగితం వాళ్ళకు విడిగా రాయాలి. మాస్టరు సెట్టుకు ఆ రాతపని చేసేది ఆయన భార్య సుగుణమ్మ. మిషన్ స్కూల్లో చదివినావిడ.

"మా చర్చి సంఘం పండగకని కొత్త పాట కట్టినా. క్లారినెట్ కాగితం రాసేసింది. సాక్సోఫోన్‌ది రేపు రాస్తాలే అని పండుకుంది. జొరం. మూడో పొద్దుకు మనిషి లేదు. పిల్లోళ్ళు ఏమో, అక్క కడసారి రాసిన పాట ఇదే, ఇదే ఊదుతాం అన్నారు. ఉండేది ఒకటే కాగితం. నేను పెట్టె కాడ ఉండా, ఏమీ చూసుకోలే. సాక్సోఫోన్ పిల్లోడు దాన్నే ముందర పెట్టుకున్నాడు."

"మీకు తెలియలేదా?"

"మొదటి వరసలోనే తెలిసింది. పెద్ద గొంతుతో ఆపండ్రా అనబోయినా. అప్పటికే పెట్టె లేసింది." కర్ర నేలకు ఆనించి దాన్నే చూస్తున్నాడు. "ఎట్ల ఆపేది? తోట దాకా రెండు మైళ్ళు. ఆయమ్మ రాయని కాగితం ఎట్లుంటుందో అంత దూరమూ ఇనుకుంటా నడిచినా. ఊరోళ్ళకు అదే బాగుండింది. ఊరంతా పట్టుకున్నారు."

నేను ఏడ్చాను. దాచేదేముంది? ఆ గేటు మీద కూర్చున్న పిల్లకు ఒళ్ళు కాలిపోయిందంటే కాలదా మరి! గ్రేసమ్మ గడప దగ్గరే నిలబడింది. తల్లి పోయిన నాటికి ఆవిడకు ఎనిమిదేళ్ళు, పెట్టె వెనకే నడిచిందట. అన్నేళ్ళలో తండ్రి ఈ మాట ఆవిడకూ చెప్పలేదు.

"మీరు వద్దంటే నేను రికార్డు చేయను" అన్నాను. ఆ మాట మనసులోంచే వచ్చింది.

"పాట నాది. తప్పు మా పిల్లోళ్ళది. దాంట్లో నీది ఏముండాదో నువ్వే చూసుకో."

రికార్డింగు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం చేశాం. పల్లవి దగ్గర ఆయన పేరు రాశాను, మనోధర్మం దగ్గర మా నలుగురివి. ఎవరేమన్నా ఆ పేర్ల వరస మార్చను.

కానీ 'నువ్వే చూసుకో' అన్నప్పుడు ఆయన ఇంకా అనుమతి ఇవ్వలేదు. మా ఇద్దరి మధ్యా ఇంకా ఏదో తేలలేదు, ఆయన నన్ను పొమ్మనలేదు. కాసేపటికి గ్రేసమ్మ అడిగింది.

"నాయనా, అమ్మ రాసింటే ఎట్లుండేది ఆ పాట?"

మాస్టరు నా వైపు తిరిగి "కాగితం, పెన్ను తీసుకో" అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. సాక్సోఫోన్ కాగితం, ముప్పై ఏడేళ్ళు ఆలస్యంగా. ఒక్కో వరసా రెండేసి సార్లు చెప్పించుకున్నాను. రాయడం అయ్యాక ఆ కాగితం ముందు పెట్టుకుని ఊదాను, ఆయన పాడాడు. ఈసారి ఇద్దరిదీ ఒకే గొంతు. నిమిషం కూడా లేదు. ఆదివారం బడిలో పిల్లలు పాడుకునేలాంటి చిన్న పాట. దాంట్లో కడుపులో దేవడం లేదు, ఏమీ లేదు. దానియేలు నా ముఖం, నేను దానియేలు ముఖం చూసుకున్నాం.

"ఇంతే" అన్నాడు మాస్టరు. చెంపలు తడిసిపోయాయి, తుడుచుకోలేదు. "ఆయమ్మ ఉన్నింటే ఇంతే పాట. నాకు ఇది చాలు. ఆ రెండోది నువ్వు తీసుకుని పో, ఊదుకో. ఈ కాగితం మాత్రం ఈడ పెట్టిపో."

రెండు చేతులతో ఇచ్చాను. అందుకుని, కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని, పై వరస నుంచి కింది వరస దాకా వేలితో నడుపుతూ చూశాడు.

"నీ రాత బాలేదు పాపా" అన్నాడు. "ఆయమ్మది ముత్యాలు."

సాయంత్రమై బయట ఉలుల చప్పుడు ఆగింది. నేను సంచిలోంచి ఇంకో తెల్ల కాగితం తీసి, స్కేలు అడిగి తెప్పించుకుని, ముందు గీతలు తిన్నగా గీసి, మొదటి నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.